నీ కత్తి సంగతి

హనుమకొండ,
ఆదివారం రాత్రి

మామా,

నువ్వు ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచి నీ ప్రశ్న నా బుర్రలోనే తిరుగుతోంది. షార్జాలో ఒక షాపులో కత్తి చూశానన్నావు. చెరువు మీద గాలి తోలినప్పుడు లేచే అలల్లాంటి గీతలున్నాయి, డమాస్కస్ అంటున్నాడు, తీసుకోవాలా వద్దా అని అడిగావు. అప్పుడు పక్కన గ్రైండర్ నడుస్తోంది, నీకు ఒక్క ముక్క కూడా సరిగా చెప్పలేకపోయాను. పైగా నీ కోసం చేస్తున్న కత్తి గురించి కూడా ఒక మాట చెప్పాలి. వాయిస్ మెసేజ్ పెడదామనుకున్నా గానీ ఇది రెండు ముక్కల్లో తేలేది కాదు. పిల్లలు పడుకున్నారు, కరెంటు కూడా ఉంది, తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు షాపు కత్తి సంగతి. దాన్ని చేతిలోకి తీసుకుని వెన్ను చూడు. పక్క మీద ఉన్న గీత వెన్ను మీదుగా అవతలి పక్కకు దిగుతోందా, లేక అంచు దగ్గరే తెగిపోతోందా? నిజంగా రెండు రకాల ఉక్కును అతికించి మడత పెట్టి చేసిందైతే గీత లోపలంతా ఉంటుంది కాబట్టి వెన్ను మీద కూడా సన్న పొరలుగా కనిపిస్తుంది. పక్కల మీద మాత్రమే డిజైనుండి వెన్ను సాఫీగా ఉంటే, అది లేజర్‌తోనో స్టిక్కర్ అంటించి యాసిడ్‌తోనో పైపైన గీసింది. ఇంకా ఖాయంగా తేలాలంటే పిడి దగ్గర పావలా బిళ్లంత జాగా వాటర్ పేపర్‌తో రుద్దాలి. రుద్దితే అసలుదైనా నకిలీదైనా గీతలు పోతాయి. కానీ మళ్లీ యాసిడ్ పెడితే అసలుదానికి అవే గీతలు అదే చోట తిరిగొస్తాయి, నకిలీది పలకలా బూడిద రంగుకు తిరిగి ఊరుకుంటుంది. షాపువాడు రుద్దనివ్వడు, అది నాకూ తెలుసు. కనీసం వెన్నైనా చూడు. మూడేళ్ల కింద నేను ఆన్‌లైన్లో 1800 పెట్టి ఒకటి తెప్పించాను, గుర్తుందా? రుద్దాను, ముంచాను, తీశాను. పలకే. ఆ రోజు పడ్డ బాధ ఇంకా మర్చిపోలేదు. ఇంతకీ పైన గీసి అమ్మడం తప్పని నేననను. గీసిందని చెప్పి అమ్మితే కొనుక్కునేవాడు కొనుక్కుంటాడు. మడత అని చెప్పి అమ్మితేనే నాకు మండుతుంది.

అసలు డమాస్కస్ అన్న పేరు వింటేనే నాకు మీ అత్తగారి ఊరి దారి గుర్తొస్తుంది. మెట్‌పల్లి నుంచి ఆర్మూరు పోతుంటే కమ్మర్‌పల్లి వస్తుంది కదా, ఆ పక్కనే కోనసముద్రం. అక్కడ మన కమ్మరులు మట్టి మూసల్లో ఇనుము కరిగించి ఉక్కు ముద్దలు తీసేవాళ్లు. పర్షియా వర్తకులు ఇస్ఫహాన్ నుంచి అంత దూరం వచ్చి, దగ్గరుండి కొనుక్కుని పోయేవాళ్లు. అట్లాంటి ఉక్కుతో చేసిన కత్తులకే డమాస్కస్ అన్న పేరు. 1820ల్లో వోయిసీ అనే ఇంగ్లీషు డాక్టరు అక్కడికి పోయి చూసి రాసిపెట్టాడు. ఆయన చనిపోయిన తర్వాత, 1832లో అది అచ్చయింది. ఇంగ్లీషువాళ్లు ఆ ఉక్కును 'వూట్జ్' అన్నారు, మన 'ఉక్కు' మాటే అట్లా తిరిగిందంటారు. ఆ ఉక్కులో మడతలుండవు. కార్బన్ నూటికి ఒకటిన్నర పాళ్ల దాకా ఉంటుంది. ముద్ద మెల్లగా చల్లారి, తర్వాత తక్కువ వేడి మీద సాగగొట్టించుకున్నప్పుడు లోపలి గట్టి గింజలు వరసలు కడతాయి, ఆ వరసలే గీతలు. అప్పట్లో వాటిని బయటికి తేవడానికి అన్నభేది జాతి ఖనిజాన్ని నీళ్లలో కలిపి పూసేవాళ్లు. నేను చేసేది ఆ రకం కాదు. రెండు రకాల ఉక్కును కొలిమిలో అతికించి మడత పెట్టే రకం. ఇప్పుడు ప్రపంచమంతా డమాస్కస్ అని అమ్మేది ఎక్కువగా ఇదే. కోనసముద్రం రకం చెయ్యాలని నాకు మహా ఆశ, మూస పెట్టే చెయ్యి ఇంకా రాలేదు.

సరే, నీ కత్తి. సామిల్లులో పారేసిన బ్యాండ్‌సా పట్టీ తెచ్చాను. పెద్ద పట్టీలు కొన్నిటిలో రెండు శాతం దాకా నికెల్ ఉంటుంది. నికెల్ ఉన్న ఉక్కును యాసిడ్ అంతగా పట్టదు, వెండిలా తెల్లగా నిలబడుతుంది. అన్ని పట్టీల్లోనూ ఉండదు కాబట్టి ముందు చిన్న ముక్క కోసి ముంచి చూసుకున్నాను. నల్ల పొరకు పాత ఆకురాళ్లు. వాటి పళ్లన్నీ గ్రైండర్‌తో సాఫ్ చెయ్యాలి. ఒక్క గాడి మిగిలినా అందులో బూడిద ఇరుక్కుని అతుకు పట్టదు. ఐదు పట్టీ ముక్కలు, నాలుగు ఆకురాయి ముక్కలు, ఒకటి విడిచి ఒకటి పేర్చి, వెలిగారం చల్లి, గ్యాస్ కొలిమిలో వెన్న రంగు వచ్చేదాకా కాల్చి సమ్మెటతో అతికించాను. సాగగొట్టి నాలుగు ముక్కలుగా కోసి మళ్లీ పేర్చి అతికించా, ఇంకోసారి మూడుగా. లెక్కకు 108 పొరలు. తర్వాత రెండు పక్కలా డ్రిల్లుతో కొద్ది లోతుకు గుంటలు వేసి, ఆ గుంటలు సమమయ్యేదాకా సుత్తితో కొట్టాను. గుంట పడ్డ చోటల్లా పొరలు చుట్లు చుట్లుగా తేలతాయి. చినుకు పడ్డప్పుడు నీళ్ల మీద లేచే వలయాల్లాగ. నువ్వు అక్కడ వాన కోసం మొహం వాచి ఉన్నావని ఈ డిజైన్ ఎంచుకున్నా.

కొట్టి, రుద్ది, ఆకారం తెచ్చాక కూడా ఆ కత్తిని చూస్తే మామూలు ఇనప ముక్కలానే ఉంటుంది మామా. ఒక్క గీత కనపడదు. అయస్కాంతం అంటుకోవడం మానేసిన వేడికి ఇంకొంచెం పైన నూనెలో ముంచి, తర్వాత ఓవెన్లో 200 డిగ్రీల మీద రెండుసార్లు రెండేసి గంటలు పెట్టి, మళ్లీ 800 నంబర్ పేపర్ దాకా చేత్తో రుద్దాలి. ఈ రుద్దుడే రెండు రోజులు. కొలిమిలో పైపొర కార్బన్ పోగొట్టుకుని ఉంటుంది, అది పూర్తిగా తీసెయ్యకపోతే యాసిడ్ మచ్చలు మచ్చలుగా పడుతుంది. అట్లా కాల్చి నూనెలో ముంచి గట్టిపరచకముందే యాసిడ్‌లో ముంచినా గీత వెలవెలబోతుంది. అన్నీ వరసలో జరగాలి.

ఇప్పుడు యాసిడ్. మనం పాలిటెక్నిక్‌లో సర్క్యూట్ బోర్డు చేసిన రోజు గుర్తుందా? రాగి రేకును తినేసిన ఆ పసుపు నీళ్లు? నీ తెల్ల చొక్కా మీద చిందితే ఆ మరక ఏం చేసినా పోలేదు. అదే ఫెర్రిక్ క్లోరైడ్. ఇప్పటికీ ఇంజనీరింగ్ పిల్లల ప్రాజెక్టుల కోసం ఎలక్ట్రానిక్స్ షాపుల్లో పొడిగా అమ్ముతారు. లీటరు డిస్టిల్డ్ వాటర్‌కి 150 గ్రాములు, ఇది నా కొలత. బ్యాటరీల షాపులో నీళ్లు దొరుకుతాయి. ఎప్పుడూ నీళ్లలోకి పొడి వెయ్యాలి, కొంచెం కొంచెంగా. మొదటిసారి నేను పొడి మీద నీళ్లు పోశాను, బుస్సుమని వేడెక్కి చిమ్మింది. కళ్లద్దాలు ఉన్నాయి కాబట్టి సరిపోయింది. అప్పట్నుంచి అద్దాలు, గ్లౌజులు లేకుండా ఆ మూల వైపు పోను, పిల్లల్ని రానివ్వను, పక్కన వంటసోడా కలిపిన బకెట్ లేకుండా మూత తియ్యను.

ఇంకో తప్పు కూడా చేశాను, నీకు చెప్పలేదు. చవగ్గా వస్తుందని మొదటి ఏడాది బాత్రూం కడిగే యాసిడ్‌తో ప్రయత్నించాను. మూత సరిగా బిగించకుండా షెడ్డులో వదిలేసి పడుకున్నా. తెల్లారి చూస్తే వైస్ దవడలు, ఆకురాళ్లు, మా నాన్న డ్రిల్ బిట్లు అన్నీ ఎర్రగా తుప్పు. ఆ ఆవిరి ఒక్క రాత్రిలో షెడ్డంతా తిరిగింది. నాన్న ఏమీ అనలేదు. కూర్చుని ఒక్కొక్కటీ తుడిచాడు. ఫెర్రిక్ క్లోరైడ్ అంత పొగ పెట్టదు, బుడగలు కూడా రావు. నెమ్మదిగా, చప్పుడు లేకుండా ఇనుమును తనలోకి కరిగించుకుంటుంది. అయినా ఇప్పుడు దాన్ని షెడ్డు బయటే ఉంచుతున్నా, బిగుతు మూత పెట్టి.

ముంచడానికి మూడంగుళాల పీవీసీ పైపు ముక్కకు ఒక పక్క క్యాప్ అంటించి నిలబెట్టాను. కత్తిని గిన్నెల సబ్బుతో కడిగి, అసిటోన్‌తో తుడవాలి. ఆ తర్వాత ఒట్టి వేలు తగిలించకూడదు. వేలి జిడ్డు పడ్డ చోట యాసిడ్ పట్టదు, నీ వేలిముద్ర అట్లాగే అచ్చు పడుతుంది. పిడి దూర్చే తోక వైపు తీగ కట్టి, మొన కిందికి ఉండేట్టు దింపాను.

ఈ ఘట్టం నీకు చూపించాలని ఎంత ఉందో. పది సెకన్లకు పైకి తీస్తే ఉక్కు మసకబారి ఉంటుంది. నిమిషానికి దూరంగా ఎక్కడో ఒక చుట్టు. ఐదు నిమిషాలకు తీసి నీళ్లలో ముంచి దూదితో తుడిస్తే మసి లాంటి నల్ల పొర ఊడొస్తుంది. ఆ మసి కింద చినుకులు! ఒక్కొక్క వలయంలో ఏడెనిమిది సన్న గీతలు, తెలుపు, బూడిద, తెలుపు. మసి తుడవకపోతే అదే అడ్డుపడి యాసిడ్ సరిగా లోపలికి పోదు. అందుకే ఐదు నిమిషాలు ముంచడం, తుడవడం, మళ్లీ ముంచడం, ఇట్లా ఐదారుసార్లు. చలికాలం ఇంకా ఎక్కువసేపు పడుతుంది, మన మే నెల ఎండల్లో మాత్రం కన్ను ఆర్పకుండా చూసుకోవాలి. చివరికి గోరుతో గీస్తే పొర పొరకూ మెట్టు తగులుతుంది. ఆకురాయి పొర గుంటగా, పట్టీ పొర గట్టుగా. అంచును పలచగా చేసి ముంచితే యాసిడ్ అంచునూ తినేస్తుంది కాబట్టి కాస్త మందంగా ఉంచి, సాన చివర్లో పడతాను.

తర్వాత సోడా నీళ్లలో నానబెట్టి కడిగి, కాఫీలో వేశాను. నవ్వకు, నిజంగానే ఇన్‌స్టంట్ కాఫీ. లీటరు నీళ్లకు యాభై గ్రాముల పొడి, చిక్కగా కలిపి చల్లార్చి, అందులో ఐదు గంటలు. కాఫీలో యాసిడ్ బలం తక్కువ కాబట్టి ఉక్కును కొరకదు, గుంట పొరల మీద కాటుకలా దట్టంగా పట్టుకుంటుంది. బయటికి తీసి గట్టి చెక్కకు 2000 నంబర్ పేపర్ చుట్టి గట్ల మీద మాత్రమే తేలిగ్గా రుద్దితే తెల్ల గీతలు మెరుస్తాయి, గుంటలు నల్లగా ఉండిపోతాయి. చెక్క లేకుండా వేళ్లతో రుద్దితే పేపర్ గుంటలోకి దిగి నలుపును గీకేస్తుంది. మన కరక్కాయ నీళ్లతో కూడా చేసి చూశాను. కరక్కాయ వగరు ఇనుముతో కలిస్తే నలుపు పుడుతుంది, అద్దకంవాళ్లు నల్ల రంగు దాంతోనే చేస్తారు. నలుపు బాగా వచ్చింది గానీ కాఫీ అంత సమంగా పట్టలేదు, కత్తి మడమ దగ్గర, అంటే పిడి వైపు అంచు కొస దగ్గర, కొంచెం ఊదాగా తిరిగింది. నాకు ఆ ఊదా నచ్చింది, ఇంట్లోవాళ్లకు నచ్చలేదు.

ఇక నీకు అసలు చెప్పాల్సింది. రెండోసారి ముంచి తీసినప్పుడు మడమకు అంగుళం పైన, చినుకులను అడ్డంగా దాటుతూ ఒక నల్ల గీత కనిపించింది. వెంట్రుక మందం. ముప్పావు అంగుళం పొడవు. మొదట మసి అనుకుని తుడిచాను, పోలేదు. గోరు పెడితే తగిలీ తగలనట్టుంది. మర్నాడు పొద్దున చూస్తే ఆ గీత వెంట చిన్న చిన్న తుప్పు బొట్లు. తుడిచి నూనె రాశాను. సాయంత్రానికి మళ్లీ బొట్లు. లోపల సందుంది, ఆ సందులో యాసిడ్ దాక్కుని ఊరుతోంది. అంటే అక్కడ అతుకు పట్టలేదు. నాలుగు ముక్కలు పేర్చిన రోజు వెలిగారం కరిగి పక్కలకు రాకముందే తొందరపడి సమ్మెట ఎత్తాను. ఆ రోజు ఎవరో ఆర్డర్ కోసం వచ్చి గేటు దగ్గర నిలబడి ఉన్నారు, నా మనసు అటుంది.

పరకాల దగ్గరి కమ్మరి తాతకు చూపించాను. అదే, నాగటి కర్రులు సాగగొట్టించడానికి మీ నాన్నతో పాటు మనం పోయిన కొలిమి. ఇప్పుడు ఎడ్లు లేవు, కర్రులు లేవు, కొడవళ్లు, గొడ్డళ్లు మాత్రం వస్తుంటాయి. ఆయనకు చూపు తగ్గింది. కత్తిని ఎండలోకి పట్టి, బొటనవేలితో వెన్ను నుంచి అంచు దాకా తడుముతూ పోయాడు, ఆ గీత దగ్గర ఆగాడు. తర్వాత తోక పట్టుకుని వేలాడదీసి దాగలికి, అదే సుత్తి దెబ్బలు పడే ఇనప దిమ్మెకు, తగిలించాడు. "గంట మోగాలె బిడ్డా, ఇది మోగుతలేదు" అన్నాడు. నాకు తేడా తెలియలేదు. పక్కనే ఉన్న గొడ్డలి తగిలించి వినిపిస్తే అప్పుడు తెలిసింది. ఆయన జీవితంలో యాసిడ్ వాడలేదు, నేను నాలుగు రోజులు చేసి, ముంచి, తుప్పు బొట్లు చూసి తెలుసుకున్నది ఆయన ఒక్క దెబ్బకు విన్నాడు. కానీ చినుకుల మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు మామా. "మడతలు ఇట్ల కనబడతయని మాకు తెల్వకపాయె" అన్నాడు. చిన్నప్పుడు మెత్తటి ఇనుము గొడ్డలికి వాదర వైపు ఉక్కు ముక్క అతికించేవాళ్లట. ఆ పాత గొడ్డలి ఒకటి మూలన ఉంటే తెచ్చి ఇచ్చి, దీన్ని కూడా ముంచి చూపియ్యి అన్నాడు. తెచ్చాను, రుద్ది ముంచాను. వాదర దగ్గర ఉక్కు నల్లగా, పైన ఇనుము తెల్లగా, మధ్యలో అతుకు ఒక్క చోట కూడా తెగకుండా వంకర గీతగా తేలింది. వాళ్ల నాన్న చేసిన గొడ్డలట. తీసుకుపోయి ఇచ్చినప్పుడు ఆయన దాన్ని తువ్వాలులో చుట్టుకున్నాడు.

ఫోన్లో నీకు గీత సంగతి పైపైన చెబితే, "ఏం కాదు మామా, కనపడకుండా చేసి పంపు" అన్నావు. చెయ్యొచ్చు. యాసిడ్‌లో బాగా నల్లబరచి, కంకరతో పాటు డబ్బాలో వేసి గంటసేపు దొర్లిస్తే పైనంతా రాయి రంగుకు తిరుగుతుంది, గీతలన్నీ అందులో కలిసిపోతాయి. స్టోన్‌వాష్ అంటారు, గీరుకుపోయే పని కత్తులకు మంచి ఫినిషింగే అది. కానీ ఈ కత్తికి చెయ్యను. బక్రీదుకో పండక్కో మీ నాన్న దాంతో ఎముక మీద కొడతాడు. ఆ సందు దగ్గర విరిగి ముక్క లేస్తే? నువ్వు నన్నేమీ అనవు, అది నాకు తెలుసు. అందుకే ఆ కత్తిని మడమ పైకి కోసేశాను. మిగిలిన ముందు భాగం మోగుతోంది, దాంతో చెల్లికి కూరగాయల చిన్న కత్తి వస్తుంది. నీకు కొత్తది మొదలుపెట్టాను. ఈసారి గేటుకు తాళం వేసి అతికించాను. అంచులు గ్రైండ్ చేసి కొస ముక్క యాసిడ్‌లో ముంచి చూశా, అతుకులన్నీ మూసుకుని ఉన్నాయి. ఇంకా గుంటలు వెయ్యాలి.

పాపకు కూడా ఒకటి చేస్తున్నా, పండ్లు కోసుకునేది, మడతలు లేని స్టెయిన్‌లెస్. దాని మీద మన వరంగల్ కోట తోరణం పైనుండే హంస. బండి నంబర్లకు రేడియం స్టిక్కర్ కోసే షాపులో హంసను కోయించా, హంస ఆకారం ఖాళీగా ఉండి చుట్టూ స్టిక్కర్ మిగిలేట్టు. అది అంటించి, తొమ్మిది వోల్టుల బ్యాటరీ ప్లస్ తీగ కత్తికి, మైనస్ తీగ ఉప్పు నీళ్లలో తడిపిన దూది పుల్లకు. హంస మీద ఆ పుల్లను ఆనిస్తే సర్రుమంటుంది, దూది మురికి పచ్చగా తిరుగుతుంది. ఆ మురికిని చేత్తో ముట్టొద్దు, ఆ వాసన పీల్చొద్దు, స్టెయిన్‌లెస్‌లో క్రోమియం ఉంటుంది. బయట గాలికి కూర్చుని, గ్లౌజులతోనే చేస్తున్నా. మొదటి హంసకు ఎక్కువసేపు పెట్టేసరికి స్టిక్కర్ కిందికి నీళ్లు పాకి మెడ లావెక్కింది. రెండోది బాగా వచ్చింది, ముక్కు కూడా తెలుస్తోంది. వాడిన నీళ్లు, పాత యాసిడ్ ఏదీ మోరీలో పొయ్యను. పొంగడం ఆగేదాకా సోడా వేసి, కిందికి దిగిన మడ్డిని డబ్బాలో పోగేస్తున్నా, ఎక్కడ ఇవ్వాలో కనుక్కుంటున్నా.

నీ కత్తి చేతికొచ్చాక ఒకటి గుర్తు పెట్టుకో. మామిడికాయ, నిమ్మకాయ, చింతపండు తగిలితే వెంటనే కడిగి తుడవాలి, లేకపోతే అవే ఇంకో యాసిడ్ అవుతాయి, తెల్ల గీతలు నీలంగా తిరుగుతాయి. పల్లినూనె రాయకు, జిగురు కడుతుంది. కొబ్బరినూనె ఒక్క చుక్క చాలు.

దసరాకు వస్తున్నావు కదా, ఆయుధ పూజ రోజుకు తయారుగా ఉంటుంది. జమ్మి చెట్టు దగ్గరికి పోయే ముందు తాత దగ్గరికి పోయి దాగలికి తగిలించి వినిపించాలి, ఆ తర్వాతే నీకిస్తాను. పిడికి టేకు కావాలా తుమ్మ కావాలా చెప్పు. తుమ్మ బరువు, కానీ గట్టిది. ఒక పని చెయ్యి: కాగితం మీద కుడి అరచెయ్యి పెట్టి చుట్టూ పెన్సిల్ గీసి ఫోటో తీసి పంపు, పక్కన స్కేలు పెట్టడం మర్చిపోకు.

నీ దోస్తు